నవ్విందా? అయితే అర్థమైనట్టే

ప్రశ్న: మా పాప రెండో తరగతి. మొన్నటిదాకా కూడబలుక్కుని చదివేది. ఈ వేసవిలో ఉన్నట్టుండి చదువు పట్టుబడింది. బస్సెక్కితే చాలు, తెలుగూ ఇంగ్లీషూ అని లేకుండా షాపుల బోర్డులన్నీ చదివేస్తోంది. మావారు ముచ్చటపడి 180 పేజీల ఇంగ్లీషు పుస్తకం తెచ్చారు. రెండు పేజీలు చదివి పక్కన పడేసింది. మా అత్తగారు నీతికథల పుస్తకం కొన్నారు, దాని గతీ అంతే. స్కూల్ లైబ్రరీ నుంచి తెచ్చుకున్న ఒక బొమ్మల పుస్తకాన్ని మాత్రం పదకొండోసారి చదువుతూ పడీపడీ నవ్వుతోంది. "ఇవేం పుస్తకాలు, పేజీకి రెండు ముక్కలు!" అంటారు అత్తగారు. ఇంకో సంగతి. తన ప్రాణస్నేహితురాలితో రబ్బరు దగ్గర తగువుపడి వారం నుంచి కటీఫ్. స్నేహం విలువ తెలిసేలా, కాస్త నవ్వొచ్చేలా ఉండే పుస్తకాలు ఏవైనా చెప్పగలరా?
— ఒక అమ్మ, ఖమ్మం

జవాబు:

ముందు ఆ పదకొండోసారి సంగతి. మీరు దాన్ని ఫిర్యాదులా రాశారు గానీ మీ ఉత్తరం మొత్తంలో నాకు బాగా నచ్చిన వాక్యం అదే. ముప్పయ్యేళ్ళు ఒకటీ రెండూ తరగతుల పిల్లల మధ్యే గడిపినదాన్ని. అక్షరాలు వచ్చిన పిల్లలు బోలెడుమంది. ఎవరూ చెప్పకుండా పుస్తకం తీసుకుని ఓ మూలకి వెళ్ళి కూర్చునే పిల్లలు తక్కువ. మీ పాప ఆ గడప దాటింది. కాకపోతే దాటి రెండడుగులే వేసింది, మీ ఇంట్లో పెద్దవాళ్ళేమో అప్పుడే మేడ ఎక్కమంటున్నారు.

బోర్డు చదవడం వేరు, పుస్తకం చదవడం వేరు. "శ్రీ లక్ష్మీ ఫ్యాన్సీ స్టోర్స్" అని చదివేస్తే పని అయిపోయింది, గెలిచినట్టే. పుస్తకంలో అలా కాదు. మొదటి వాక్యంలో వచ్చినవాడు ఎవడో ఐదో వాక్యం దాకా గుర్తుండాలి. ఇప్పుడు మాట్లాడుతున్నది ఎవరో తెలియాలి. కళ్ళు అక్షరాలు కూడదీసుకుంటూ ఉంటే మనసు కథని జారిపోకుండా పట్టుకోవాలి. ఈ రెండు పనులూ ఒకేసారి చేయడం ఆ పిల్లకి ఇంకా కొత్త. తెలిసిన పుస్తకమే మళ్ళీ చదివితే అక్షరాల బరువు తగ్గుతుంది, కథకి చోటు దొరుకుతుంది. అందుకే పదకొండోసారి. పన్నెండోసారి కూడా చదువుతుంది, చదవనివ్వండి.

మీవారి పుస్తకం పారేయక్కర్లేదు. రాత్రిపూట ఆయన్నే రోజుకి నాలుగు పేజీలు చదివి వినిపించమనండి. చెవికి ఆ కథ సరిపోతుంది. కంటికి సరిపోవడానికి ఇంకో ఏడాదో రెండేళ్ళో పడుతుంది.

అత్తగారి పుస్తకం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మీరు పేరు రాయలేదు గానీ బజార్లో దొరికే నీతికథల పుస్తకాలు చాలావరకు పంచతంత్రం చుట్టూనే తిరుగుతాయి. స్నేహం గురించి అంతకన్నా పాత పుస్తకం మనకి ఎక్కడుంది? చిన్నయసూరి 1853లో నీతిచంద్రికగా తెలుగు చేసింది మిత్రలాభం, మిత్రభేదం. ఒకటి స్నేహితులు దొరకడం, ఇంకొకటి స్నేహితులు విడిపోవడం. కాకి, ఎలుక, తాబేలు, లేడి కలిసి వేటగాణ్ణి బోల్తా కొట్టించే కథ ఈనాటికీ పిల్లలు కళ్ళార్పకుండా వింటారు. వింటారు, అదీ సంగతి. అవి నోటితో చెప్పాల్సిన కథలు. అచ్చులోకి వచ్చేసరికి "నివసించుచుండెను" అనే మాట ఏడేళ్ళ పిల్లకి అడ్డంగా పడుకున్న గేదెలాంటిది. దాన్ని దాటుకుని వెళ్ళేలోపు కాకి ఏం చేసిందో మరిచిపోతుంది. వాడుక భాషలో రాసిన వాటిలో కూడా చివర గీత గీసి కింద "నీతి" అని ఉంటుంది. ఆ గీత కనబడగానే కథ కాస్తా పాఠం అయిపోతుంది.

ఈ విషయంలో నేనూ తప్పు చేసినదాన్నే. కొత్తగా పంతులమ్మనైనప్పుడు ఏ కథ అయినా అయిపోగానే "ఇందులో మనకేం తెలిసింది?" అని అడిగేదాన్ని. ఒకరోజు చివరి బెంచీ పిల్లాడొకడు కథ చదువుకుంటూ కిసుక్కున నవ్వాడు. లేపి అదే ప్రశ్న వేశాను. కరెంటు పోయినట్టు ఆ మొహంలో నవ్వు ఆరిపోయింది. "అబద్ధం ఆడరాదు టీచర్" అన్నాడు. ఆ కథలో అబద్ధాల ఊసే లేదు! వాడికి కథ అర్థమైందని నాకు ఆ నవ్వే చెప్పింది. దాని మీద మళ్ళీ పరీక్ష పెట్టింది నేను.

హాస్యానికి ఉన్న గొప్ప సుళువు అదే. అర్థం కాకుండా నవ్వలేరు. గడగడా చదివి ఒక్క ముక్కా బుర్రకెక్కని పిల్లలుంటారు, ముఖ్యంగా తెలుగులో. మన లిపిలో రాసింది రాసినట్టు పలికితే చాలు కాబట్టి అర్థం తెలియకుండానే పేజీ పేజీ అప్పగించేయొచ్చు. కానీ సరిగ్గా నవ్వాల్సిన చోట నవ్విందంటే, అంతకు ముందు మూడు పేజీలూ ఆ పిల్ల తలలో ఉన్నట్టు లెక్క. మీరు ప్రశ్నలు వేయనక్కర్లేదు. వంటింట్లోంచి చెవి అటు పడేస్తే చాలు.

ఇక పుస్తకాలు.

ఈ వయసు పిల్లల కోసమని నవ్వించే చిన్న పుస్తకాలు అమెరికాలో 1957లో ఊపందుకున్నాయి. బళ్ళో వాచకాలు చప్పగా ఉన్నాయని, అందుకే పిల్లలు చదవడం లేదని అప్పట్లో అక్కడ పెద్ద గోల. ఆ ఏడాదే డాక్టర్ సూస్ 236 వేరువేరు మాటలు మాత్రమే వాడి టోపీ పెట్టుకున్న పిల్లి కథ రాశాడు. అదే ఏడాది ఇంకో ప్రచురణకర్తలు "ఐ కెన్ రీడ్" అనే వరస మొదలుపెట్టారు. నేను మీకు మొట్టమొదట చెప్పే పుస్తకం ఆ వరసలోదే: ఆర్నాల్డ్ లోబెల్ రాసి, తనే బొమ్మలు వేసిన "ఫ్రాగ్ అండ్ టోడ్ ఆర్ ఫ్రెండ్స్", 1970. ఒకటి ఫ్రాగ్, ఒకటి టోడ్. మనకి రెండూ కప్పలే. కావాలంటే రెండోదాన్ని గోదురుకప్ప అనుకోండి. ఫ్రాగ్ నెమ్మదస్తుడు, టోడ్‌కి అన్నీ దిగుళ్ళే. ఒక్కో పుస్తకంలో ఐదు కథలు, ఇలాంటివి 1979 వరకు మొత్తం నాలుగు పుస్తకాలు వచ్చాయి.

ఇందులో ఉత్తరం కథ ఒకటుంది. టోడ్ అరుగు మీద దిగులుగా కూర్చుని ఉంటాడు. తనకి ఎప్పుడూ ఒక్క ఉత్తరమైనా రాలేదని బాధ. ఫ్రాగ్ గబగబా ఇంటికెళ్ళి ఉత్తరం రాసి, కవరులో పెట్టి, దారిలో కనబడిన తెలిసినవాడి చేతికిచ్చి టోడ్ ఇంటి డబ్బాలో వేసి రమ్మంటాడు. ఆ తెలిసినవాడు ఒక నత్త. "ఇప్పుడే వేసేస్తా" అంటుంది నత్త.

మా మనవరాలు ఆ వాక్యం దగ్గర ఆగింది. పుస్తకంలోంచి తలెత్తి నా మొహంలోకి చూసింది. "అమ్మమ్మా... నత్తకా ఇచ్చాడు?" అంది గుసగుసగా, ఫ్రాగ్‌కి వినబడుతుందేమోనన్నట్టు. అక్కణ్ణించి ఇక నవ్వే నవ్వు. ఫ్రాగ్ కిటికీలోంచి తొంగిచూసిన ప్రతిసారీ అది "రాదు, రాదు, ఇంకా రాదు" అంటూ కాళ్ళు కొట్టుకుంది.

గమనించారా, ఆ నవ్వు ఎక్కడినుంచి వచ్చిందో? నత్త నెమ్మదిగా నడుస్తుందని పుస్తకంలో ఎవరూ చెప్పరు. ఆ సంగతి పిల్లకి తెలుసు, ఫ్రాగ్‌కి తట్టలేదు. రోజంతా అందరూ తనకి చెప్పేవాళ్ళే గానీ తనకన్నా తెలివితక్కువవాడు దొరకని ఏడేళ్ళ మనిషికి ఇది ఎంత గొప్ప భోగమో ఊహించండి. చివరికి ఫ్రాగ్ ఆగలేక, ఉత్తరం రాశానని, అందులో ఏం రాశాడో కూడా నోటితోనే చెప్పేస్తాడు. అయినా ఇద్దరూ అరుగు మీద పక్కపక్కన కూర్చుని దానికోసం ఎదురుచూస్తారు. నాలుగు రోజులకి నత్త వస్తుంది. ఏముందో ముందే తెలిసిన ఉత్తరం అందుకుని టోడ్ సంబరపడిపోతాడు. స్నేహం అనే మాటకి నిర్వచనం చెప్పకుండా ఇంతకన్నా బాగా చూపించడం ఎలాగో నాకు తెలియదు.

దీని తర్వాత, కాదు, నిజానికి దీనికన్నా ముందే తెప్పించాల్సింది మో విలెమ్స్ రాసిన "ఎలిఫెంట్ అండ్ పిగ్గీ" వరస. 2007 నుంచి 2016 దాకా 25 పుస్తకాలు వచ్చాయి. మీ పాప పదకొండుసార్లు చదివింది ఇందులోదేనేమోనని నా అనుమానం. పేజీకి రెండు ముక్కలన్న అత్తగారి మాట చూసి అంటున్నాను. కళ్ళజోడు పెట్టుకున్న ఏనుగుకి ప్రతిదీ బెంగే, పందిపిల్లకి ప్రతిదీ సంబరమే. "అతను అన్నాడు, ఆమె అంది" ఎక్కడా ఉండదు, అంతా కార్టూన్లలో మాటల్లా బుడగల్లోనే. ఏనుగు బుడగ బూడిదరంగు, పంది బుడగ గులాబీరంగు. దాంతో ఎవరు మాట్లాడుతున్నారో గుర్తుపెట్టుకునే బరువు పిల్ల మీదుండదు, రంగే చెప్పేస్తుంది. కోపం వస్తే అక్షరాలు పేజీ నిండా పెరుగుతాయి, సిగ్గేస్తే చీమంత అవుతాయి. గొంతు ఎలా మార్చాలో అక్షరం సైజు నేర్పుతుంది. పేజీకి రెండు ముక్కలే, నిజమే. ఆ రెండు ముక్కల మధ్య ఏం జరిగిందో మాత్రం బొమ్మ చూసి పిల్లే పూరించుకోవాలి. తేలిక పని కాదది.

ఇంగ్లీషు గురించి ఇంత చెప్పి తెలుగు వదిలేస్తే నా పాత విద్యార్థులు ఊరుకోరు. అసలు తెలుగులో "తేలిక" అంటే ఏమిటో వేరేగా ఆలోచించాలి. ఇంగ్లీషులో మాటలు పొట్టివి, స్పెల్లింగు మొండిది. అందుకే వాళ్ళు ఎన్ని వేరువేరు మాటలు వాడామా అని లెక్కపెట్టుకున్నారు. మనకి ఆ లెక్క పనికిరాదు. "రాలేకపోతున్నానంటున్నాడు" అనేది మనకి ఒక్క మాట, పది అక్షరాలు. పిల్ల "టున్నాడు" దగ్గరకి చేరేసరికి "రాలే" ఎటో పోతుంది. ఆ సంగతే ఇంగ్లీషులో ఏడెనిమిది చిన్న ముక్కలు చేసి పెడతారు. కాబట్టి తెలుగు పుస్తకం కొనేముందు మాటలు లెక్కపెట్టకండి, మాటల పొడవు చూడండి. వత్తులు కూడా చూడండి. మీరడిగిన స్నేహమే చూడండి, మొదటి అక్షరానికే వత్తు తగిలించుకుని కూర్చుంది! నేస్తానికీ దోస్తుకీ రెండో అక్షరానికి ఉంది. జట్టుది నయం, అదే అక్షరం కింద అదే వత్తు కాబట్టి పిల్లలకి త్వరగా పట్టుబడుతుంది. వత్తు లేకుండా పాపం చెలిమి ఉంది, దాన్నేమో ఇప్పుడు ఎవరూ అనరు.

వత్తులంటే ఇంకో మాట గుర్తొచ్చింది. ముళ్ళపూడి వెంకటరమణ బుడుగుకి పక్కింటి అమ్మాయి పేరు శ్రీ జ్ఞాన ప్రసూనాంబ అని పలకడానికి నోరు తిరగదు. సీగాన పెసూనాంబ అంటాడు. వత్తులన్నీ పీకేసి పేరుని తనకి సరిపడా కుట్టుకున్నాడన్నమాట. చదవడం నేర్చుకునే ప్రతి పిల్లా ఏదో ఒక పూట చేసేది అదే. అయితే బుడుగుని ఇప్పుడే పాప చేతికివ్వకండి. ఆ మాటల వంకరలు కంటికి కష్టం, చెవికి పండగ. మీరు చదివి వినిపించండి.

పాప సొంతంగా చదువుకోవడానికైతే ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ అనే వెబ్‌సైటు చూడండి. 2015 నుంచి నడుస్తోంది, ఉచితం, తెలుగు కథలు చాలా ఉన్నాయి. కథలకి నాలుగు మెట్లు పెట్టారు. మొదటి మెట్టు కథలో 250 మాటలు దాటవు, రెండోది 600 దాకా, మూడోది 1500 దాకా. మీ పాపకి రెండో మెట్టు సరైనది. కానీ మాటల లెక్క గురించి ఇందాక నేనన్నది మరిచిపోకండి. కొన్ని కథలు అనువాదంలో బరువెక్కుతాయి, మీరు ఒకసారి పైకి చదివి నాలుక తడబడని కథ ఎంచండి. ఫోన్లో కాకుండా ప్రింటు తీసి, మధ్యలో కుట్టేసి ఇవ్వండి. తన పేరు రాసుకోవడానికి అట్ట ఉంటే అది పుస్తకం అవుతుంది. అచ్చు పుస్తకాలు కావాలంటే సికింద్రాబాద్ మంచి పుస్తకం వాళ్ళవి, చెన్నై తూలిక వాళ్ళ తెలుగు పుస్తకాలు ఉన్నాయి. నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ళ నెహ్రూ బాల పుస్తకాలయం వరస కూడా చూడండి. హైదరాబాదుకో విజయవాడకో పుస్తకాల పండక్కి వెళ్ళినప్పుడు పాపని తీసుకెళ్ళి స్టాల్లో కింద కూర్చోబెట్టండి. రెండో పేజీ తనంతట తాను తిప్పిన పుస్తకమే కొనండి. మీకు నచ్చింది కాదు. ఇంకోటి: ఖమ్మంలో పెరిగే పిల్ల "ఏం చేస్తున్నవ్" అంటుంది, పుస్తకం "ఏం చేస్తున్నావు" అంటుంది. తను తనలాగే చదివితే దిద్దకండి. అర్థమయ్యే అలా మార్చుకుంది.

ఇక రబ్బరు తగువు. స్నేహం విలువ తెలిసే పుస్తకం అడిగారు. దీనికి మాత్రం నేను ఒప్పుకోను. కటీఫ్ అయిన వారంలో స్నేహం కథ చేతిలో పెడితే, అమ్మ ఎందుకిచ్చిందో ఆ పిల్ల వాసన పట్టేస్తుంది. కాకరకాయ కూరలో బెల్లం వేసినా అది కాకరకాయేనని పిల్లలకి తెలియదా? నవ్వు కోసం ఇవ్వండి, అంతే.

అలాగని ఈ పుస్తకాల్లో తగువులు లేవనుకోకండి. జేమ్స్ మార్షల్ 1972లో మొదలుపెట్టిన "జార్జ్ అండ్ మార్తా" కథల్లో రెండు నీటిగుర్రాలు. మార్తాకి బఠానీపప్పు సూపు కాయడమంటే మహా ఇష్టం. జార్జ్‌కి అది గొంతు దిగదు, ఆ మాట చెప్పడానికి మొహమాటం. ఒకరోజు గిన్నెలో మిగిలిందంతా బల్ల కింద తన బూట్లలో పోసేస్తాడు. మార్తా చూసేస్తుంది. తర్వాత తేలేదేమిటంటే, మార్తాకీ ఆ సూపు ఇష్టం లేదు, కాయడమే ఇష్టం! కథ చదివాక మీ పాప రబ్బరు గురించి ఏమైనా అంటే వినండి. అనకపోతే మీరు అనకండి. ఏడేళ్ళ వయసులో వారం రోజుల కటీఫ్ మామూలే. మీకు తెలియకుండా ఈపాటికి కలిసిపోయి ఉన్నా ఆశ్చర్యం లేదు.

ఆరు నెలలకో ఏడాదికో ఈ చిన్న పుస్తకాలు తనకే చాలవనిపిస్తాయి. అప్పుడు ఆనీ బారోస్ రాసిన "ఐవీ అండ్ బీన్" తెప్పించండి, 2006లో మొదలైన వరస. వీధికి అటూ ఇటూ ఉండే ఇద్దరు ఆడపిల్లలు. "ఆ అమ్మాయి ఎంత బుద్ధిమంతురాలో, వెళ్ళి ఆడుకోరాదూ" అని బీన్ వాళ్ళమ్మ పోరుతూనే ఉంటుంది. సరిగ్గా అందుకే బీన్ వెళ్ళదు. ఇది పాపకన్నా ముందు మీరు చదవండి.

ప్రస్తుతానికి మాత్రం ఎలిఫెంట్ అండ్ పిగ్గీ వరసలోని "దేర్ ఈజ్ ఎ బర్డ్ ఆన్ యువర్ హెడ్" ఒక్కటి తెప్పించండి చాలు. ఏనుగు నెత్తిమీద ఒక పక్షి వాలుతుంది, తర్వాత రెండోది, తర్వాత గూడు, తర్వాత గుడ్లు. నెత్తిమీద ఏం జరుగుతోందో ఏనుగుకి కనబడదు, పంది చూసి చెబుతూ ఉంటుంది. రాత్రి అన్నాలయ్యాక పాపకి పంది మాటలు ఇవ్వండి. ఏనుగు మాటలు అత్తగారికివ్వండి. ఆవిడకి ఇంగ్లీషు రాకపోతే మరీ మంచిది, ఏనుగు ఏమందో పాపే తెలుగు చేసి చెవిలో చెబుతుంది, ఆవిడ గట్టిగా అంటారు. గుడ్లు పిల్లలయ్యే పేజీ దగ్గరకొచ్చేసరికి పేజీకి రెండు ముక్కల సంగతి ఆవిడకి గుర్తుంటుందో లేదో నాకు రాయండి.